ముడుచుకున్నవన్నీ చుట్టాలు కావు

పిల్లలూ,

బాయికాడ రాయి కింద దొరికిన బూడిదరంగు పురుగు ముట్టుకోగానే గుండ్రంగా ముడుచుకుందని, అది రోకలిబండ పిల్లేనా అని మొన్న ఫోన్‌లో అడిగారు. కాదు. దాని చుట్టాలు రొయ్యలు, ఎండ్రికాయలు. ఇంకా దగ్గరి చుట్టాలు నల్లగొండ ముఖం ఎన్నడూ చూడనివి, సముద్రంలో ఉన్నాయి. ఫోన్‌లో చెబితే మీరు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునే గొడవలో సగం వినపడదు. అందుకే రాస్తున్నా.

ముందు కాళ్లు లెక్కపెట్టండి. రోకలిబండ ఒంట్లో దాదాపు ప్రతి ఖండానికీ రెండేసి జతల కాళ్లుంటాయి. మీకు దొరికినదానికి ఒక్కో ఖండానికి ఒక జతే, మొత్తం ఏడు జతలు. ఆరుద్ర కార్తెలో చెలకల్లో తిరిగే ఎర్ర ఆరుద్ర పురుగుకేమో ఎనిమిది కాళ్లు, అది సాలీడు వైపు చుట్టం. మనం అన్నిటినీ పురుగు అనేస్తాం. సిగ్గుపడాల్సిన పనేం లేదు. జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటివాడు 1758లో ఎండ్రికాయను, తేలును, జెర్రిని అన్నిటినీ కీటకాల పద్దులోనే రాశాడు.

ఏడు జతల కాళ్లూ ఇంచుమించు ఒకే తీరుగా ఉండే ఈ గుంపును ఐసోపోడా అంటారు. ఇందులో పదివేలకు పైగా జాతులున్నాయి. సుమారు సగం నేల మీద బతుకుతాయి, మిగిలినవాటిలో ఎక్కువ భాగం సముద్రంలో. నేలకెక్కినవి కూడా నీటి అలవాటు పూర్తిగా మానలేదు. పొట్ట కింద, వెనకవైపున్న పలచని రేకులతో ఊపిరి పీలుస్తాయి. ఆ రేకులు ఆరిపోతే చస్తాయి. మన ఎండలకు అవి తడి రాయి కింద దాక్కోక ఏం చేస్తాయి?

ఇక సముద్రంలో సంగతి. 1800లో ఆడమ్స్ అనే ఆయన ఇంగ్లండ్ పక్కన వేల్స్ తీరంలో దొరికిన ఒక చిన్న ప్రాణిని వర్ణించాడు. ఆరేడు మిల్లీమీటర్లు, బియ్యపు గింజంత. వీపు వెనక రెండు కొమ్ములు పొడుచుకొచ్చి ఉన్నాయి. దానికి ఓనిస్కస్ బైడెంటాటస్ అని పేరు పెట్టాడు. ఓనిస్కస్ అంటే మీ రాయి కింది పురుగు లాంటివాటి కోసం లిన్నేయస్ పెట్టిన ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. ఇలాంటి సముద్రపు జీవులను కూడా అప్పట్లో అందులోనే వేసేవారు.

తర్వాత బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన లీచ్ ఆ పెద్ద మూటను విప్పాడు. కొమ్ములున్నవి ఒక ప్రజాతిలోకి వెళ్లాయి. కొమ్ములు లేకుండా నున్నగా ఉన్నవి డైనమీన్ అనే ఇంకో ప్రజాతిలోకి వెళ్లాయి. అందులోనూ ఎర్రగా ఉన్నవాటికి ఒక జాతి పేరు, పచ్చగా ఉన్నవాటికి ఇంకొకటి. చూడ్డానికి చక్కగా సర్దిన అలమారా.

ఆ సర్దుడంతా తప్పే! కొమ్ములున్నవి మగవి, నున్నగా ఉన్నవి ఆడవి, పిల్లలు. ఒకే జాతి. రంగులంటారా, ఏ సముద్రపు నాచు మీద పెరిగితే దాని రంగుకు కలిసిపోతాయి. నన్నడిగితే రంగు చూసి పేరు పెట్టడమంత బద్ధకపు పని ఇంకొకటి లేదు. కానీ సీసాలో చచ్చిపోయి వచ్చిన నమూనాలు చూసే మనిషికి ఇంకేం దారి ఉంది? వాటి బతుకు చూస్తే గానీ ఈ సంగతి తెలీదు. పిల్లలు నాచు మీద మేస్తూ పెరుగుతాయి. ఈడుకొచ్చాక నాచు వదిలి రాతి సందుల్లోకో, బార్నకిల్ అనే జీవి చచ్చిపోగా మిగిలిన ఖాళీ గుల్లలోకో చేరతాయి. ఒక మగదానితో కొన్ని ఆడవి కాపురం చేస్తాయి. ఆడదానికి ఆ దశలో నోటి భాగాలు పనికిరాకుండా పోతాయి. ఇక తిండి తినదు, కడుపు కింది సంచిలో పిల్లల్ని మోయడమే పని.

మరి ఏది చూసి వర్గీకరించాలి? 1905లో హాన్సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఈ సముద్రపు జీవుల కుటుంబాన్నంతా తిరగేసి, పొట్ట కింది ఆ ఊపిరి రేకులనే పట్టుకున్నాడు. వాటిలో నాలుగో జత, ఐదో జత ముఖ్యం. ప్రతి రేకుకూ లోపలిదొకటి, బయటిదొకటి రెండు కొమ్మలుంటాయి. డైనమీన్‌లో రెండు కొమ్మలూ దళసరిగా, ముడతలతో ఉంటాయి. స్ఫీరోమా అనే ప్రజాతిలో లోపలి కొమ్మకే ముడతలు, బయటిది పలచని పొర. ఇంకొన్ని ప్రజాతుల్లో ముడతలే ఉండవు. కొమ్ములూ రంగూ మగా ఆడా తేడాను బట్టి, ఉండే చోటును బట్టి మారతాయి. ఈ ముడతలు అలా మారవు.

ఈ స్ఫీరోమా మనకు అంత పరాయిది కాదు. సాగర్ గేట్లు దాటిన కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి కదా, మన దేశపు మడచెట్ల వేళ్లను తొలిచి ఇల్లు కట్టుకునేది ఇందులోని ఒక జాతే. తొలిచిన చెక్కను తినదు, నీళ్లలోంచి తిండి వడగట్టుకుంటుంది. ఇది కూడా ముట్టుకుంటే గుండ్రంగా ముడుచుకుంటుంది.

పుస్తకాల్లో ఇప్పుడు డైనమీన్ బైడెంటాటా (ఆడమ్స్, 1800) అని రాస్తారు. జాతికి మొదట పెట్టిన పేరు నిలబడింది, ప్రజాతి మారింది. పేరు పెట్టినాయన దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడని చెప్పడానికే ఆ బ్రాకెట్లు.

మళ్లీ మీ పురుగు దగ్గరికొస్తే, కాళ్ల లెక్కలో ఒక చిక్కు ఉంది, ముందే చెబుతున్నా. తల్లి సంచిలోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లకు ఆరు జతల కాళ్లే ఉంటాయి, ఏడోది తర్వాత వస్తుంది. మరీ చిన్నవి దొరికితే లెక్క తప్పిందని టెన్షన్ పడకండి. సగం ఒళ్లు తెల్లగా, సగం బూడిదగా కనిపిస్తే రోగం కాదు, కుబుసం విడుస్తున్నట్టు. ముందు వెనక సగం విడిచి, తర్వాత ముందు సగం విడుస్తుంది.

చూడాలంటే ఒక మూల కొంచెం తడి మట్టి వేసిన గాజు సీసాలో కాసేపు ఉంచండి, కింది నుంచి భూతద్దం పెట్టండి. చూశాక ఆ రాయి కిందే వదిలిపెట్టండి. రాయిని మాత్రం చేత్తో ఎత్తొద్దు, కట్టెతో తిప్పండి. తేళ్లు ఉండేదీ అక్కడే.

మీ తాత,
నల్లగొండ