"మళ్ళీ ఒక్కసారి ఆడించండి సార్": బాక్సింగ్ తీర్పులపై అపోహలు, వాస్తవాలు

పోటీలు ముగిసిన రోజు సాయంత్రం నాకు వచ్చే ఫోన్లలో మాట దాదాపు ఒక్కటే. "సార్, వీడియో చూశారా? మా పాపే గెలిచింది. అపీలు పెట్టి మళ్ళీ ఒక్కసారి ఆడించండి." ఇరవై ఏళ్ళుగా పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాను, జిల్లా పోటీల్లో జడ్జిగానూ కూర్చున్నాను. ఆ తల్లిదండ్రుల బాధ నాకు తెలుసు. కానీ ఈ ఒక్క నమ్మకం వల్ల పిల్లలు పోగొట్టుకుంటున్నది చాలా ఎక్కువ. అందుకే ముందు దీని సంగతే.

అపోహ: తీర్పు తప్పని అందరికీ కనిపిస్తే వెంటనే రీమ్యాచ్ పెడతారు.

వాస్తవం: మన పిల్లలు ఆడే అమెచ్యూర్ బాక్సింగులో రీమ్యాచ్ అనేదే లేదు. ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక (డ్రా) ముందుకు వెళ్ళిపోతుంది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ 86 పంచ్‌లు తగిలించాడు, కొరియా బాక్సర్ పార్క్ సి-హున్ 32. ఐదుగురు జడ్జిలు 3-2తో పార్క్‌ను గెలిపించారు. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్ ట్రోఫీని మాత్రం జోన్స్‌కే ఇచ్చారు. ఇంత జరిగినా రీమ్యాచ్ లేదు, ఫలితమూ మారలేదు. 2023లో పార్క్ తనే జోన్స్ ఇంటికి వెళ్ళి ఆ పతకాన్ని ఆయన చేతిలో పెట్టాడు. అప్పటికి 35 ఏళ్ళు గడిచిపోయాయి.

2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన సరితా దేవి సెమీస్ గుర్తుందా? కొరియా అమ్మాయి చేతిలో ఓడిందని తీర్పిచ్చారు, మనవాళ్ళ ప్రొటెస్ట్ తోసిపుచ్చారు. వేదిక మీద తన కాంస్యాన్ని ఆ కొరియా అమ్మాయి చేతిలో పెట్టేసినందుకు ఆమె మీద ఏడాది నిషేధం పడింది. ఆమె కోపం న్యాయమేనని ఇప్పటికీ నమ్ముతాను. అయినా ఏడాది పోయింది ఆమెకే.

"మరి లండన్ ఒలింపిక్స్‌లో తీర్పు మార్చారు కదా" అంటారు. మార్చారు. 2012లో మన వికాస్ కృషన్ 13-11 పాయింట్లతో గెలిచిన బౌటును అమెరికా అపీలు మీద 15-13తో ఎరోల్ స్పెన్స్‌కు ఇచ్చారు. కారణం ఏమిటంటే, వికాస్ ఒక్క మూడో రౌండులోనే తొమ్మిదిసార్లు పట్టుకున్నాడని, అంతకుముందు మౌత్‌పీస్ కావాలనే ఉమ్మాడని, రిఫరీ అవి వదిలేశాడని తేల్చారు. అప్పట్లో రూలు అమలు కాలేదని చూపించగలిగితే వినేవారు. పంచ్ గట్టిగా తగిలిందా లేదా అన్నది జడ్జి అభిప్రాయం, దాని జోలికి పోయేవారు కాదు. అదే ఒలింపిక్స్‌లో సుమిత్ సంగ్వాన్ ఒక్క పాయింటుతో ఓడినప్పుడు మనవాళ్ళు పెట్టిన అపీలు నిలవలేదు.

ప్రొఫెషనల్ బాక్సింగులో రీమ్యాచ్‌లు ఉంటాయి. కానీ వాటిని నడిపేది ఎక్కువగా కాంట్రాక్టు, డబ్బు. 2012 జూన్‌లో మానీ పాకియావ్ మీద టిమోతీ బ్రాడ్లీ గెలుపు చూడండి. ఇద్దరు జడ్జిలు 115-113తో బ్రాడ్లీకి ఇచ్చారు. తర్వాత ఆ టైటిల్ ఇచ్చే సంస్థ డబ్ల్యూబీఓ ఐదుగురు జడ్జిలకు వీడియో చూపిస్తే ఐదుగురూ పాకియావే గెలిచాడన్నారు. బెల్టు మాత్రం బ్రాడ్లీ దగ్గరే ఉంది. వెంటనే రీమ్యాచ్ జరగాల్సిన బౌట్ ఏదని ఎవరు అడిగినా నేను దీని పేరే చెబుతాను. జరిగిందేమో 2014 ఏప్రిల్‌లో. ఈలోగా పాకియావ్ మార్కెజ్ చేతిలో నాకౌట్ అయ్యాడు. 1999లో లూయిస్, హోలీఫీల్డ్ డ్రా అయిన ఎనిమిది నెలలకే మళ్ళీ తలపడ్డారు. 1993లో డ్రా అయిన విటేకర్, చావెజ్ మళ్ళీ ఎదురుపడనే లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. రాష్ట్ర ఫైనల్లో 3-2తో ఓడింది. చేతికి చుట్టిన బ్యాండేజీ ఇంకా విప్పలేదు, వాళ్ళ నాన్న నా ముందు ఫోన్ పట్టుకుని ఒకే పంచ్‌ను వెనక్కీ ముందుకూ జరిపి చూపిస్తున్నాడు. "అన్నా, ముందు పాపను కూర్చోబెట్టి నీళ్ళు ఇవ్వు" అన్నాను. రీమ్యాచ్ పెడుతున్నారని ఎవరో వాట్సాప్ గ్రూపులో పుకారు వేశారు. తండ్రీకూతుళ్ళు రెండు నెలలు అర్జీలు పట్టుకుని తిరిగారు. ప్రాక్టీసు ఆగింది, మూడు కిలోలు పెరిగింది, తర్వాతి సెలెక్షన్లో తన వెయిట్‌లో దిగలేకపోయింది. ఆ పుకారు పుట్టించినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

అపోహ: నిఖత్ జరీన్ లేఖ రాసి బౌట్ తెచ్చుకుంది, మనమూ రాస్తే వస్తుంది.

వాస్తవం: 2019లో మన నిజామాబాద్ అమ్మాయి క్రీడా మంత్రికి రాసింది సెలెక్షన్ ట్రయల్ సక్రమంగా పెట్టమని. ఓడిన బౌట్ మళ్ళీ పెట్టమని కాదు. ఆ ట్రయల్లో 9-1తో మేరీ కోమ్ చేతిలో ఓడింది. 2022లో ప్రపంచ చాంపియన్ అయింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అమెచ్యూర్‌లో దెబ్బ తిన్న బాక్సర్‌కు రిఫరీ కౌంట్ (అంకెలు లెక్కపెట్టడం) పడినంత మాత్రాన ఎదుటివాళ్ళకు అదనపు పాయింటు రాదు. ముక్కు నుంచి రక్తం కారితే ఓడినట్టు కాదు. ఫోన్ వీడియో ఒక పక్క నుంచే కనిపిస్తుంది, జడ్జిలు ఐదుగురు చుట్టూ కూర్చుంటారు. బాక్సర్ వీపు అడ్డం వస్తే పంచ్ ముఖానికి తగిలిందో గ్లవ్ మీద పడిందో అటు పక్క జడ్జికే తెలుస్తుంది. జడ్జిలు అమ్ముడుపోవడం ఎక్కడా లేదని అనను, రియో ఒలింపిక్స్ ఫలితాల్లో గోల్‌మాల్ జరిగిందని 2021లో మెక్లారెన్ విచారణ తేల్చింది. అలాగని జడ్జిలు చీలిపోయిన ప్రతి తీర్పుకూ (స్ప్లిట్ డెసిషన్) అదే కారణమంటే పిల్లలు తమ ఆట చూసుకోవడం మానేస్తారు.

అపోహ: మూడింట్లో రెండు రౌండ్లు మనవైతే బౌట్ మనదే.

వాస్తవం: టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్ మొదటి రౌండు 4-1తో కొలంబియా బాక్సర్ వాలెన్సియాకు ఇచ్చేసి, తర్వాతి రెండూ 3-2తో గెలిచింది. బౌట్ 3-2తో ఓడింది. ఎందుకంటే ఏ జడ్జి కార్డు ఆ జడ్జిదే. రెండో రౌండు ఇచ్చిన ముగ్గురూ, మూడో రౌండు ఇచ్చిన ముగ్గురూ ఒకరే కాదు. మొదటి రౌండులో వెనకబడిన కార్డు తిరిగి రావాలంటే అదే జడ్జి దగ్గర మిగతా రెండూ గెలవాలి.

రాష్ట్ర ఫైనల్లో ఓడిన నా అమ్మాయికి చివరికి వాళ్ళ నాన్న తీసిన అదే వీడియో మొదటి రౌండు వరకే చూపించి, స్టాప్‌వాచ్ చేతికిచ్చాను. రెండుసార్లు చూసింది. "సార్, 40 సెకన్ల దాకా నేను ముందు చేతి పంచ్ (జాబ్) కూడా వెయ్యలేదు" అంది. మర్నాడు పొద్దున ఐదున్నరకే గ్రౌండుకు వచ్చింది.