విమానాల లెక్కే వానలకూ

ఉగాది నాడు బెంగళూరు మల్లేశ్వరంలో పంచాంగ శ్రవణానికి కూర్చున్న తెలుగువాళ్లు ‘ఈ ఏడాది ఎన్ని కుంచాల వాన?’ అని చెవులు రిక్కిస్తారు. ఆ పక్కనే ఉన్న భారతీయ విజ్ఞాన సంస్థలో, అంటే ఊళ్లో పాతవాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అనే చోట, వాన లెక్కలకు వేరే సాధనం ఉంది. 2022లో వచ్చిన ఆ ‘పరమ్ ప్రవేగ’ సూపర్ కంప్యూటర్ గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 3,300 లక్షల కోట్ల లెక్కలు. వాతావరణ పరిశోధకులకే ఇంత వేగం ఎందుకు కావలసివచ్చింది?

ఆశ పుట్టింది కంప్యూటర్లకు ముందే. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మొదటి ప్రపంచయుద్ధంలో అంబులెన్సు నడుపుతూ, 1910 మే 20 నాటి వాతావరణాన్ని గాలి కదలికల సమీకరణాలతో చేత్తో లెక్కకట్టాడు. ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు మారాలని తేలింది. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదలనే లేదు. అయినా వెనక్కి తగ్గక, 64,000 మంది గుమాస్తాలు ఒకే హాలులో కూర్చుంటే వాతావరణంతో సమానంగా పరుగెత్తవచ్చని 1922లో రాశాడు. 1950లో ఆ గుమాస్తాల పని ఎనియాక్ అనే తొలితరం కంప్యూటర్ చేసింది. 24 గంటల సూచనకు దానికి పట్టింది కూడా దాదాపు 24 గంటలే. రేపటి సంగతి రేపటికి తెలిసిందన్నమాట!

అవే సమీకరణాలను దశాబ్దాల కాలానికి నడిపితే శీతోష్ణస్థితి నమూనా అవుతుంది. అప్పుడు ఫలానా రోజు వాన పడుతుందా అన్నది ప్రశ్న కాదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే సగటున ఏం మారుతుందన్నదే ప్రశ్న. దానికి 1960లలోనే జవాబు వెతికిన వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబేకు నోబెల్ 2021లో గానీ రాలేదు.

మన దగ్గర కథ రాజకీయాలతో ముడిపడింది. 1980లలో ఈ విజ్ఞాన సంస్థకు క్రే సూపర్ కంప్యూటర్ కావాలని భారత్ అడిగితే, అణ్వస్త్రాలకు వాడతారేమోనని అమెరికా ఇవ్వలేదు. చివరికి అంతకంటే చిన్నదాన్ని, వాతావరణ సూచనలకు మాత్రమేనన్న షరతుతో ఢిల్లీకి పంపింది. పెద్ద యంత్రం మన గడప తొక్కింది వాన పేరు చెప్పుకునే.

బెంగళూరు ఊరుకోలేదు. 1986లో నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ ‘ఫ్లోసాల్వర్’ అనే సమాంతర కంప్యూటర్‌ను, అంటే ఒకే లెక్కను ఎన్నో ప్రాసెసర్లకు పంచి ఒకేసారి చేయించేదాన్ని, సొంతంగా కట్టింది. అప్పటి డైరెక్టర్ రొద్దం నరసింహ (ఆ పేరు వింటే మనకు అనంతపురం వైపు రొద్దం గుర్తుకొస్తుంది). విమానం రెక్క మీద గాలి పారే తీరును లెక్కించడానికి పుట్టిన ఆ యంత్రం తర్వాత రుతుపవనాల లెక్కలకూ పనికొచ్చింది. వింతేమీ లేదు, రెక్క మీదా అరేబియా సముద్రం మీదా గాలికి సూత్రాలు ఒకటే.

అసలు చిక్కు గడులలో ఉంది. నమూనా భూమిని గడులుగా కోస్తుంది. గడి వెడల్పు సగం చేస్తే గడులు నాలుగింతలవుతాయి. లెక్క వేసే కాలవ్యవధినీ సగానికి కుదించాలి కాబట్టి పని ఎనిమిదింతలు. 100 కిలోమీటర్ల గడి అయితే బెంగళూరుకూ హిందూపురానికీ ఒకే వాన రాసిపెట్టినట్టే. 2025లో పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం రూపొందించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ రోజువారీ సూచనలకు గడిని 6 కిలోమీటర్లకు తెచ్చింది. శతాబ్దం పొడవునా అంత సన్నగా కోసి నడపాలంటే ఇప్పటికీ తలకు మించిన భారమే. అంత చిన్న గడిలో కూడా మల్లేశ్వరం, యశ్వంతపురం కలిసే ఉండవచ్చు. మే నెల సాయంత్రం మబ్బు మాత్రం ఒకదాన్ని తడిపి రెండోదాన్ని వదిలేస్తుంది.