పక్కనే వందల ఫ్లాట్లు వస్తున్నాయా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పట్టణ ప్రణాళిక నా వృత్తి. ఖాళీ స్థలంలో వందల ఫ్లాట్లు కడతామని ప్రతిపాదన వచ్చినప్పుడు చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు వినడం, వాటిని ప్లాన్లతో సరిచూడడం అందులో భాగం. ఆ భయాల్లో చాలావాటికి ఆధారం ఉంటుంది. నాకు బాధ కలిగించేది ఒక్కటే: వాదనంతా అంతస్తుల లెక్క దగ్గరే ఆగిపోతుంది, నేల కింది గొట్టాల సంగతి ఎవరూ అడగరు.

అపోహ: అంతస్తులు తగ్గిస్తే జనసాంద్రత తగ్గుతుంది.

పారిస్‌లో ఎక్కువ భవనాలు ఆరేడు అంతస్తులవే. అయినా చదరపు కిలోమీటరుకు దాదాపు 20,000 మంది ఉంటారు. బార్సిలోనాలోని ఎషాంప్లా ప్రాంతంలోనూ ఆకాశాన్నంటే టవర్లు అరుదు. సాంద్రత మాత్రం 35,000కు అటూఇటూ. కాబట్టి మొత్తం ఫ్లాట్లు ఎన్ని, మొత్తం నిర్మాణ వైశాల్యం ఎంత అని చూడండి. ఇరవై అంతస్తుల్ని పన్నెండుకు దించామని సంతోషిస్తుండగానే, అవే ఫ్లాట్లు పక్కకు పరుచుకుని చెట్లకు వదిలిన జాగాను ఆక్రమించవచ్చు.

ఎత్తు వల్ల వచ్చే అసలు ఇబ్బంది నీడ. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 60 మీటర్ల భవనం నీడ 100 మీటర్లు దాటుతుంది. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నపు నీడ అన్నిటికంటే పొడవుగా ఉంటుంది. ఆ రోజు గంటగంటకూ అది ఎవరి ఇళ్ల మీద పడుతుందో చూపే డ్రాయింగ్ అడగండి.

అపోహ: ఎన్ని కొత్త ఇళ్లయితే ట్రాఫిక్ అన్ని రెట్లు.

ఫ్లాట్లలో ఉండే కుటుంబాల కారు ప్రయాణాలు విడి ఇళ్లవాళ్ల కంటే సాధారణంగా తక్కువే. అలాగని ట్రాఫిక్ పెరగదన్న బిల్డర్ మాటా నమ్మనక్కర్లేదు. చూడాల్సింది రోజు మొత్తం లెక్క కాదు, రద్దీ గంటలో దగ్గరి జంక్షన్ పరిస్థితి. అది ఇప్పటికే నిండుగా నడుస్తుంటే కొద్దిపాటి వాహనాలు కలిసినా క్యూ ఒక్కసారిగా పొడవైపోతుంది. ట్రాఫిక్ లెక్కింపు సెలవుల్లో చేశారేమో, తేదీలు చూడండి.

అపోహ: నీళ్లూ డ్రైనేజీ కనెక్షన్ ఇచ్చారంటే సరిపోయినట్టే.

ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. కనెక్షన్ ఇవ్వడం వేరు, ఆ లైను మోయగలగడం వేరు. మురుగు ప్రవాహం రోజంతా ఒకేలా ఉండదు. ఉదయం సగటుకు రెండు మూడింతలు అవుతుంది. గేటు ముందు కొత్త గొట్టం వేసినా, కింద ఎక్కడో అది కలిసే పాత ట్రంక్ లైను (చాలా వీధుల మురుగును మోసుకెళ్లే పెద్ద గొట్టం) ఇరుకైతే, పొంగేది పల్లంలో ఉన్న పాత ఇళ్ల మ్యాన్‌హోళ్లే. కొత్త టవర్లో ఎవరికీ ఏమీ కనిపించదు. వాన నీటిదీ అదే కథ: హెక్టారు స్థలంలో 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్లు. మట్టి ఉన్నప్పుడు కొంత ఇంకేది. కాంక్రీటు వేశాక దాదాపు అంతా పారుతుంది. ఆ నీటిని కాసేపు ఆపే ట్యాంకు ఎక్కడ, దాని సామర్థ్యం ఎంత అన్నది ప్లాన్‌లో ఉండాలి.

అపోహ: పునాది తవ్వకంతో మన ఇంటికి సంబంధం లేదు.

లోతైన సెల్లార్ల కోసం భూగర్భ జలాన్ని తోడేస్తే కొన్ని నేలల్లో పక్క ఇళ్ల కింద మట్టి కుంగి గోడలు బీటలు వారతాయి. ఆ బీట ముందే ఉందని బిల్డర్ అంటే మీరేం చూపిస్తారు? తవ్వకం మొదలవక ముందే ఇల్లంతా తేదీతో ఫొటోలు తీయించండి. ఆ సర్వే ఖర్చు బిల్డర్ భరించాలని షరతు కోరండి.

అపోహ: కొత్తవాళ్లు వస్తే నేరాలు పెరుగుతాయి.

వచ్చేది ఇల్లు కావాల్సిన కుటుంబాలు. మన పిల్లలకూ రేపు ఇళ్లు కావాలి. వీధి వైపు కిటికీలు, తలుపులు, వెలుతురు ఉన్నాయో లేదో అడగండి; పొడవాటి ప్రహరీ, పార్కింగ్ గోడ ఉన్న వీధే రాత్రిపూట నిర్మానుష్యంగా మారుతుంది.

అపోహ: సంతకాలు ఎక్కువైతే చాలు.

ఒకే ఉత్తరం మీద వెయ్యి సంతకాలున్నా, అందులో తేల్చాల్సిన అభ్యంతరం ఒక్కటే. ఫలానా జంక్షన్, ఫలానా లైను, ఫలానా పేజీలో తప్పు లెక్క అని రాస్తే సమాధానం చెప్పక తప్పదు. "తగిన ఏర్పాట్లు చేయాలి" అనే షరతుకు ఒప్పుకోకండి. ట్రంక్ లైను పెద్దది వేసి, పరీక్షించి చూపించేదాకా ఏ ఫ్లాటులోనూ నివాసానికి అనుమతి ఇవ్వరాదని రాయించండి.