మూడు నెలల షుగర్ టెస్టూ, కళ్యాణదుర్గం బస్సు మీది దుమ్మూ

మా చిన్నమ్మ కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఉంటాది. పోయిన ఎండాకాలం ఒకటే నీరసం, నాలుగడుగులేస్తే ఆయాసం అంటాంటే, పల్లెల్లోకి తిరిగే ల్యాబు పిల్లోడు ఒకడు ఇంటికే వచ్చి పరగడుపున రక్తం తీసుకోని పోయినాడు. సాయంత్రానికి చీటీ వచ్చింది. పరగడుపు షుగర్ 118, మూడు నెలల షుగర్ 6.8, హిమోగ్లోబిన్ 8.4. ఆ చీటీ మడిచి కొంగులో కట్టుకోని అనంతపురం వచ్చి, "నాయనా, ఒక లెక్కలో షుగర్ లేదంట, ఇంకో లెక్కలో ఉందంట, ఇంతకీ నాకు ఉన్నట్టా లేనట్టా?" అని అడిగింది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాడిని, డాక్టర్ని కాదు, మందుల సంగతి డాక్టర్ దగ్గరే తేల్చుకో అని చెప్పినా. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వారం రోజులు నిద్రపోనియ్యలేదు, ఎందుకంటే ఈ గందరగోళం మా చిన్నమ్మది కాదు, ఆ టెస్టులది.

ముందు గీతల సంగతి. పరగడుపున 126 గానీ ఆపైన గానీ వస్తే షుగర్, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగిన రెండు గంటలకు 200 గానీ ఆపైన గానీ వస్తే షుగర్, మూడు నెలల టెస్టు (అదే హెచ్‌బీఏ1సీ) 6.5 గానీ ఆపైన గానీ వస్తే షుగర్. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు, కమిటీలు గీసినవి. పదో తరగతిలో 35 వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు అంటాం గానీ ఆ ఒక్క మార్కులో పిల్లోడి తెలివి ఏమన్నా మారిపోతాదా? 1979 నుంచి పరగడుపు గీత 140 దగ్గర ఉండేది, 1997లో అమెరికా డయాబెటిస్ సంఘం దాన్ని 126కి దించింది, రెండేళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. అంటే పరగడుపున 130 ఉన్న మనిషి 1996లో మామూలు మనిషి కాకపోయినా షుగర్ మనిషి కాదు, మరుసటి ఏడాది అదే రక్తంతో షుగర్ పేషెంటు. ఊరికే దించలేదు లెండి, కంటి వెనక రెటీనా రక్తనాళాలు ఏ అంకె దగ్గర నుంచి ఎక్కువగా చెడతాండాయో చూసి దించినారు, అమెరికాలోని పిమా తెగవాళ్ల మీద, ఈజిప్టు జనం మీద చేసిన సర్వేలు అందులో ముఖ్యం. గీత కింద ఇంకో గీత ఉంది, ప్రీ-డయాబెటిస్ అని, షుగరూ కాదు మామూలూ కాదు, మధ్యరకం, అది అమెరికా వాళ్లకు 100 దగ్గర మొదలైతే ప్రపంచ ఆరోగ్య సంస్థకు 110 దగ్గర మొదలైతాది. 105 ఉన్నోడు ఎవరి మాట నమ్మాల? మన దేశంలో 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే లెక్క ప్రకారం షుగర్ ఉన్నోళ్లు దాదాపు 10.1 కోట్లు, ప్రీ-డయాబెటిస్ వాళ్లు 13.6 కోట్లు. గీతను వెంట్రుకవాసి జరిపితే లక్షల మంది ఇటు నుంచి అటు పోతారు.

సరే, నాకు అసలు ఇష్టమైన సంగతికి వస్తా. మూడు నెలల టెస్టు షుగర్‌ని కొలవదు! చాలామంది చదువుకున్నోళ్లకు కూడా ఇది తెలియదు. అది కొలిచేది ఎర్ర రక్తకణాల మీద షుగర్ వదిలిపెట్టిన మరకని.

కళ్యాణదుర్గం వైపు పల్లె బస్సులు చూసినారు కదా, సాయంత్రానికి అద్దాలు కనపడనంత ఎర్రదుమ్ము. రోడ్డు మీద ఎంత దుమ్ముందో తెలుసుకోవాలంటే రెండు దార్లు. ఒకటి, ఇప్పుడే పోయి రోడ్డు మీద నిలబడి చూడటం, పరగడుపు టెస్టు అట్లాంటిది. రెండు, డిపోలో బస్సులన్నీ నిలబెట్టి వాటి మీద ఎంత దుమ్ము పేరుకుందో చూడటం, అది మూడు నెలల టెస్టు. బస్సు అంటే ఎర్ర రక్తకణం, లోపలి హిమోగ్లోబిన్ బస్సు రేకు, రక్తంలో గ్లూకోజ్ దుమ్ము. దుమ్ము అంటుకోవడానికి ఎంజైమూ వద్దు, ఎవరి సాయమూ వద్దు. హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో వేలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటాది, దాని నైట్రోజన్‌కు గ్లూకోజ్ వచ్చి అంటుకుంటాది, దాన్ని షిఫ్ బేస్ అంటారు, అది వదులు బంధం, ఊదితే పోయే పొడి దుమ్ము లాంటిది. దాని మీద సన్న తుంపర పడి ఆరినట్టు లోపల అణువులు సర్దుకోని అమడోరి మార్పు జరుగుతాది, అప్పుడది గట్టి బురద, ఇంక ఆ బస్సు తుక్కు కింద పోయేదాకా వదలదు. ఈ మరకని 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ అనే ఆయన షుగర్ ఉన్నోళ్ల రక్తంలో పట్టుకున్నాడు. 6.5 అంటే వెయ్యి హిమోగ్లోబిన్లలో 65 మరకపడినవి, అంతే. అన్నట్టు పెనం మీద దోశ ఎర్రగా కాలడం కూడా ఇదే కెమిస్ట్రీతో మొదలైతాది, మెయిలార్డ్ చర్య అంటారు. మన ఒంట్లో మంట లేదు కాబట్టి నిదానంగా జరుగుతాది. క్లాసులో ఈ మాట చెప్తే పిల్లోళ్లు "సార్, అయితే మనం కాలుతాండామా" అని నవ్వినారు, ఒక రకంగా నిజమే.

బస్సు లెక్క ఇంకా లాగుదాం. ఒక్కో బస్సుకు ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఎముక మజ్జ అనే డిపో నుంచి రోజూ కొత్తవి వస్తాంటాయి, ముసలివి తుక్కుకి పోతాంటాయి. పోయిన నెల లేచిన దుమ్ము ఇప్పుడు తిరిగే బస్సుల్లో చాలావాటి మీద పడింటాది, నాలుగు నెలల కింద లేచిన దుమ్ము మాత్రం మిగిలిన ఆ కొన్ని ముసలి బస్సుల మీదే కనిపిస్తాది. అందుకే పేరుకి మూడు నెలల టెస్టే గానీ అందులో సగం వాటా దాదాపు ఆఖరి నెలదే. టెస్టుకు ముందు రెండు రోజులు అన్నం మానేసి మంచి మార్కులు తెచ్చుకుందామనే తెలివిమంతులకు పరగడుపు దగ్గర ఆట సాగుతాది గానీ ఇక్కడ సాగదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ లెక్కంతా బస్సు ఆయుష్షు అందరికీ ఒకటే అనుకుంటేనే. ఏదో జబ్బుతో బస్సులు అరవై రోజులకే పగిలిపోతాంటే దుమ్ము పట్టే టైమే ఉండదు, రోడ్డు ఎంత పాడైనా టెస్టు తక్కువ చూపిస్తాది. వేరేవాళ్ల రక్తం ఎక్కించుకుంటే పక్క డిపో బస్సులు తెచ్చి కలిపినట్టు, లెక్కే చెడిపోతాది. దీనికి తిరగబడింది మా చిన్నమ్మ కేసు. చీటీలో హిమోగ్లోబిన్ 8.4 అంటే రక్తం తక్కువ, కారణం ఒంట్లో ఇనుము లేకపోవడం. ఇనుము లేని డిపోలో కొత్త బస్సులు ఎట్ల తయారైతాయి? కొత్తవి తగ్గితే ఉన్నవాటిలో ముసలివే ఎక్కువ, రోడ్డు మీద దుమ్ము పెరగకుండానే బస్సుల మీద దుమ్ము ఎక్కువ. ఐరన్ తక్కువైన రక్తహీనతలో ఈ టెస్టు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తాదని తెలిసిందే, ఎందుకు అనేదానికి ఎక్కువగా చెప్పే వివరణ ఇదే. మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనతే (2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 57 శాతం). అట్లాంటి చోట ఈ ఒక్క అంకె చూసి ముద్ర వేయడం నాకు అస్సలు నచ్చదు. 2010లో అమెరికా సంఘం, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గుర్తింపు టెస్టుగా ఒప్పుకున్నా, బస్సుల ఆయుష్షు మార్చే జబ్బులున్నప్పుడు నమ్మొద్దని వాళ్లే చెప్పినారు.

అయితే 118 నిజం, 6.8 అబద్ధం అనుకుంటారేమో, ఆగండి. పరగడుపు టెస్టు కూడా పత్తిత్తు కాదు. రక్తం గొట్టంలో పోసినాక కూడా అందులో కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటానే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా. అందుకే బూడిదరంగు మూత గొట్టంలో ఫ్లోరైడ్ వేస్తారు. అది గ్లూకోజ్‌ని విరగ్గొట్టే వరసలో ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ని ఆపుతాది, కానీ ఎనోలేజ్ ఆ వరసలో చివరి దగ్గరిది, దానికి పైన ఉన్న మెట్లు ఇంకా నడుస్తానే ఉంటాయి, అందుకని మొదటి గంటా రెండు గంటలు ఫ్లోరైడ్ వేసినా తిండి ఆగదు. ఆ పిల్లోడు ఎండాకాలం బైకు డిక్కీలో ఊర్లన్నీ తిరిగి మూడు గంటలకు ల్యాబు చేరినాడంట. అంటే 118 అనేది బయలుదేరేటప్పుడు 130 అయినా అయిండొచ్చు! ఒక టెస్టు పైకి అబద్ధం, ఇంకోటి కిందికి అబద్ధం, రెండింటి మధ్యలో మా చిన్నమ్మ. మూడు నెలల టెస్టుకు ఈ గొట్టం బాధ లేదు, దుమ్ము గట్టిపడిపోయింటాది కదా, దాన్ని మెచ్చుకునేవాళ్లు మెచ్చుకునేది అందుకే.

ఈ వాదన ఇంకా ఆగలేదు. 2024లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య వాళ్లు గ్లూకోజ్ నీళ్లు తాగినాక రెండు గంటలు కూర్చోవడం ఎందుకు, ఒక గంటకే చూడండి, 155 నుంచి మధ్యరకం, 209 నుంచి షుగర్ అని ఇంకో రెండు గీతలు గీసినారు.

మా అవ్వ కాలంలో ఒకటే టెస్టు, బాత్రూం దగ్గర చీమలు పట్టినాయా లేదా. మూత్రం తియ్యగా ఉంటుందని, చీమలు చేరతాయని చరక, సుశ్రుతుల కాలం నుంచీ ఉన్నదే, మధుమేహం అనే పేరే అందుకొచ్చింది. కానీ రక్తంలో షుగర్ దాదాపు 180 దాటేదాకా మామూలుగా మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు, అంటే చీమలు వచ్చేసరికే చానా ఆలస్యం. ఇప్పటికీ "చీమలు రాలేదు కదా, ఇంకేం షుగర్" అని ధీమాగా ఉన్నోళ్లను నేను ఎరుగుదును. పూటకు రెండు ముద్దలు సంగటి తింటాండామనీ, పొడపత్రి ఆకు నములుతాండామనీ టెస్టే చేయించుకోనోళ్లు ఇంకొందరు. సంగటి మంచిదే గానీ ముద్ద ముద్దే కదా.

డాక్టరమ్మ ఆ చీటీ చూసి షుగర్ మాట పక్కనపెట్టి, ముందు ఐరన్ మాత్రలు రాసి, మూడు నెలలాగి గ్లూకోజ్ నీళ్ల టెస్టు ల్యాబులోనే కూర్చోని చేయించుకోమంది. ఆ రోజు నేనే తోడుపోయినా. పరగడుపు 121, రెండు గంటలకు 186, మూడు నెలల టెస్టు 6.3కి దిగింది. మూడూ మధ్యరకమే, షుగర్ గీత దాటలేదు, మామూలు గీత కింద కూడా లేవు. చిన్నమ్మకు ఇది మింగుడు పడలేదు, "ఉందంటే ఏడుద్దును, లేదంటే ఓళిగలు చేసుకుందును, ఈ నడిమిదాంతో నేనేం చేసుకోవాల" అంది. ఆర్నెల్లకు మళ్లీ రమ్మన్నారు. మొన్న ఆ పిల్లోడు ఊర్లో కనపడితే డిక్కీ తెరిపించి గొట్టాల మూతలు ఏ రంగువో చూసిందంట.