ముందు గదిని కొలవండి

నాలుగో వరుసలో ఒక పిల్లాడు. పేరు పెట్టి పిలిస్తే గానీ తల ఎత్తడు. డిక్టేషన్‌లో సగం మాటలు తప్పు. వీడికి శ్రద్ధ లేదని తేల్చేయడానికి ఒక్క నిమిషం పట్టదు. ఆ మాట అనేలోపు, వాడికి అసలు మాట వినిపిస్తోందో లేదో తెలియడానికి ఒక టేపు తెచ్చి, టీచర్ నిలబడే చోటికీ ఆ బెంచీకీ మధ్య దూరం కొలవండి.

కాస్త గొంతు పెంచి చెప్పే పాఠం మీటరు దూరంలో సుమారు 65 డెసిబెళ్లు (శబ్ద తీవ్రతకు కొలమానం) ఉంటుంది. గోడలు లేని ఆరుబయట అయితే దూరం రెట్టింపైనప్పుడల్లా అందులో 6 తగ్గుతుంది: 2 మీటర్ల దగ్గర 59, 4 మీటర్ల దగ్గర 53, 8 మీటర్ల దగ్గర 47. ఫ్యాన్లు, వరండా, పక్క తరగతి అన్నీ కలిసి గదిలో 50 డెసిబెళ్ల రొద ఉందనుకోండి. వినికిడి లోపం ఉన్న పిల్లలకు మాట తెలియాలంటే అది రొద కంటే కనీసం 15 డెసిబెళ్లు ఎక్కువగా ఉండాలని ఆడియాలజిస్టులు, అంటే వినికిడి నిపుణులు, చెబుతారు. 65లోంచి 50 తీసేస్తే సరిగ్గా 15. అంటే ఈ గదిలో ఆ షరతు టీచర్‌కు ఒక మీటరు లోపల కూర్చున్నవాళ్లకే నెరవేరుతోంది. మిగతా గదంతా ఊహించుకుంటూ వినాల్సిందే. వినికిడి బాగున్న పిల్లలకూ ఇది తేలిక కాదు. రొదలోంచి మాటను విడదీసే నేర్పు టీనేజీకి గానీ పెద్దవాళ్ల స్థాయికి రాదు. మనకు బాగానే వినిపిస్తోంది కదా అని ఏడేళ్ల పాపకూ వినిపిస్తుందనుకుంటే పొరపాటు.

నాలుగు గోడల మధ్య శబ్దం అంతగా పడిపోదనే మాట నిజమే. అయితే గోడలు తిప్పికొట్టే శబ్దం మాటను నిలబెట్టదు, అలికేస్తుంది. అచ్చులు గట్టిగా, పొడుగ్గా పలుకుతాయి. హల్లులు బలహీనంగా, క్షణంలో అయిపోతాయి. ముందు అచ్చు తాలూకు ప్రతిధ్వని చల్లారకముందే తర్వాతి హల్లు వచ్చి అందులో మునిగిపోతుంది. తరగతి గదుల కోసం 2002లో వెలువడిన అమెరికా ప్రమాణం మామూలు సైజు గదికి రెండు హద్దులు పెట్టింది: పిల్లలు లేనప్పుడు రొద 35 డెసిబెళ్లు దాటకూడదు, ప్రతిధ్వని 0.6 సెకనులో అణగాలి.

దీనికి పెద్ద ఖర్చు పెట్టనక్కర్లేదు. కుర్చీ, బల్లల కాళ్లకు దళసరి ఫెల్ట్ ముక్కలు అతికిస్తే ఈడ్పుల మోత చాలావరకు పోతుంది. తలుపు కింది సందు మూయాలి. శబ్దాన్ని పీల్చే పలకలు పైకప్పుకూ, వెనక గోడ పై భాగానికీ వేయాలి. చాలామంది కోడిగుడ్ల అట్టలు అతికిస్తారు. అవి పీల్చేది స్వల్పం, పైగా నిప్పంటుకుంటే త్వరగా మండుతాయి.

వినికిడి యంత్రం పెట్టుకుంటే సమస్య తీరిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. అది మాటతో పాటు రొదనూ పెంచుతుంది. అందుకే టీచర్ మెడ దగ్గర, నోటికి 15–20 సెంటీమీటర్ల దూరంలో ఉండే వైర్‌లెస్ మైకు వాడతారు. మాట దూరం ప్రయాణించకుండా నేరుగా యంత్రంలోకి చేరుతుంది. ఇక్కడా రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మైకు ఆపకుండా టీచర్ స్టాఫ్‌రూమ్‌కు వెళ్లిపోతే అక్కడి కబుర్లన్నీ ఆ పిల్లాడి చెవిలో. ఇక తోటి పిల్లలు చెప్పే జవాబులు మైకులో పడవు కాబట్టి, టీచర్ వాటిని మళ్లీ చెప్పాలి, లేదా మైకే చేతులు మారాలి. పెదాలు చూసి గ్రహిస్తారులే అనే ధీమా కూడా వద్దు. అద్దం ముందు నిలబడి గొంతు రానివ్వకుండా బడి, మడి, పడి అనండి. మూడింటికీ పెదాలు ఒక్కలాగే కదులుతాయి. ఆ కాస్త సాయమైనా దక్కాలంటే టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, కిటికీకి వీపు పెట్టి నిలబడకూడదు. వెనకనుంచి వెలుగు కొడితే ముఖం నీడలో ఉండిపోతుంది.

ఇన్ని కొలతలు ఎందుకంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ వైకల్యాన్ని శరీరంలోని లోపంగా మాత్రమే చూడదు. శరీర స్థితికీ చుట్టూ ఉన్న పరిసరానికీ మధ్య ఏర్పడే ఫలితంగా చూస్తుంది. పిల్లాడి చెవిని మనం మార్చలేం. 4 మీటర్లను 1 మీటరు చేయగలం. వైకల్యం ఉన్న పిల్లలకూ మిగతావారితో పాటు ఒకే తరగతిలో చదువు చెప్పడం, అంటే సహిత విద్య అనే పెద్ద మాట వెనక ఉన్న పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే.

చూపు సంగతీ అంతే. మామూలు చూపు, అంటే 6/6 ఉన్నవారు 6 మీటర్ల నుంచి పోల్చుకోగల అతి చిన్న అక్షరం ఎత్తు దాదాపు 9 మిల్లీమీటర్లు. 6/18 చూపున్న పాపకు, అంటే మామూలు చూపువారు 18 మీటర్ల నుంచి పోల్చుకునేదాన్ని 6 మీటర్ల నుంచే పోల్చుకోగల పాపకు, దానికి మూడింతలు, సుమారు 26 మిల్లీమీటర్లు కావాలి. అదీ కష్టపడి పోల్చుకోవడానికే. ఇబ్బంది లేకుండా చదవాలంటే ఇంకో రెట్టింపు, 5 సెంటీమీటర్ల పైమాట. బోర్డు మీద అంత పెద్దగా రాయడం కుదరదు. పాపను 6 మీటర్ల నుంచి 3 మీటర్లకు తీసుకొస్తే 26 మిల్లీమీటర్ల అక్షరం సరిపోతుంది. దగ్గరికి జరపడమే అన్నిటికన్నా చవకైన భూతద్దం. పుస్తకం ముక్కుకు ఆనించి చదివితే కళ్లు పోతాయని గద్దించకండి. దానివల్ల చూపు పాడవదు, ఆ పాప తనకు తానే అక్షరాన్ని పెద్దది చేసుకుంటోంది. చూపు తక్కువ కాబట్టి కిటికీ పక్కన కూర్చోబెడదామన్నదీ అందరికీ నప్పదు. ఆల్బినిజం, అంటే చర్మానికీ కళ్లకూ రంగునిచ్చే పదార్థం పుట్టుకతోనే లోపించిన స్థితి ఉన్న పిల్లలకు ఎక్కువ వెలుతురే శత్రువు. పాపనే అడిగితే తనకు ఏ చోటు బాగుందో చెబుతుంది. రంగుల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు: ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని మగపిల్లలు ఐరోపా మూలాలున్న వారిలో దాదాపు 12 మందికి ఒకరు. అన్ని చోట్లా ఇంత ఉండకపోయినా ఎక్కడా సున్నా కాదు. పటంలో ఎర్ర ప్రాంతాన్ని చూపించమనే బదులు గళ్ల గీతలున్న ప్రాంతాన్ని చూపించమంటే ఎవరూ చిక్కుకోరు.

ర్యాంప్ గురించి అందరికీ తెలుసు, కొలత మాత్రం మరిచిపోతారు. వాలు 1:12 దాటకూడదు. 45 సెంటీమీటర్ల అరుగుకు 5.4 మీటర్ల పొడవు ర్యాంప్ కావాలి. ఉన్న స్థలంలో సరిపెడదామని రెండు మీటర్లలో కాంక్రీటు పోస్తే అది జారుడుబల్ల అవుతుంది, వీల్‌చైర్ వెనక్కి బోల్తా పడుతుంది. తలుపుకు 90 సెంటీమీటర్ల ఖాళీ, లోపల తిరగడానికి 1.5 మీటర్ల వ్యాసంలో స్థలం ఉండాలి. ఈ కొలతలే మరుగుదొడ్డికీ వర్తిస్తాయి. అక్కడికి వెళ్లలేని పిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుంటారు, మధ్యాహ్నానికి తలనొప్పితో డీలా పడతారు. మనకు కనిపించేది డీలా పడ్డ ముఖమే.

టేపుకు అందని కొలత ఒకటుంది: సమయం. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతుల రికార్డింగులు విని ఒక లెక్క తీశారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలియదు’లు తగ్గాయి, వెనకబడ్డారనుకున్న పిల్లలు నోరు విప్పారు. జవాబు వచ్చాక కూడా వెంటనే ‘వెరీ గుడ్’ అనకుండా ఇంకో 3 సెకన్లు ఆగాలి, పిల్లలు తమ మాటను పొడిగించేది అక్కడే. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్నవారికీ, బొమ్మలు చూపి మాట్లాడేవారికీ 10 సెకన్లయినా ఇవ్వాలి.

మౌనంగా 10 సెకన్లు నిలబడి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. ఆ ఇబ్బంది భరించలేకే టీచర్లు ప్రశ్నను ఇంకో మాటల్లో మళ్లీ అడుగుతారు. సాయం చేశామనుకుంటారు. నెమ్మదిగా అర్థం చేసుకునే పిల్లలకు అది కొత్త ప్రశ్న, సగం దాకా వచ్చిన ఆలోచన మళ్లీ మొదటికి పోతుంది. మళ్లీ చెప్పక తప్పకపోతే అవే మాటల్లో చెప్పాలి. ప్రశ్న ముందు, పిలుపు తర్వాత అన్న క్రమం కూడా ముఖ్యం. ‘రవీ, చెప్పు’ అని మొదలుపెడితే మిగతా తరగతి ఆలోచించడం మానేస్తుంది.

‘తెలుగు పుస్తకం లోపల పెట్టేసి, లెక్కల నోటు తీసి, మార్జిన్ కొట్టి, తేదీ వేసి, 34వ పేజీలో మూడో లెక్క చేయండి.’ ఒక్క ఊపిరిలో అయిదు పనులు. ఇలాంటి విడి ముక్కలను పెద్దవాళ్లే ఒకేసారి నాలుగింటిని మించి మనసులో పట్టుకోలేరని పరిశోధకుల అంచనా. ఆరేళ్ల పిల్లలకు అంతకంటే తక్కువ. శ్రద్ధ నిలపడంలో ఇబ్బంది ఉన్న పాపకు మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యవి జారిపోతాయి. వాటిని నోటితో చెప్పి వదిలేయకుండా బోర్డు మీద అంకెలు వేసి రాస్తే, మరిచిపోయినవాళ్లు తల ఎత్తి చూసుకుంటారు. పక్కవాళ్లను అడిగి తిట్లు తినాల్సిన పని ఉండదు.

అదే బోర్డు చుట్టూ గోడ నిండా చార్టులు, రంగుకాగితాల తోరణాలు ఉంటే మేలు సగమే. 2014లో అచ్చయిన ఒక ప్రయోగంలో 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు బోసి గోడల గదిలో, కొన్ని బాగా అలంకరించిన గదిలో చెప్పారు. అలంకరించిన గదిలో పాఠ సమయంలో దాదాపు 39 శాతం సేపు పిల్లల ధ్యాస పక్కకు పోయింది, బోసి గదిలో 28 శాతం సేపు. పరీక్షలో సరైన జవాబులు వరుసగా 42 శాతం, 55 శాతం. చిన్న ప్రయోగమే, పెద్ద తరగతులకు నేరుగా అన్వయించలేం. అయినా పిల్లలు చూసే ముందు గోడను ఖాళీగా ఉంచి, వాళ్లు చేసిన బొమ్మలను వెనక గోడకు మార్చడానికి ఒక్క సాయంత్రం చాలు.

డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే స్థితి ఉన్నవారి పేజీకీ ఇలాంటి వైద్యమే ఉంది. 2012లో ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలతో చేసిన అధ్యయనంలో అక్షరాల మధ్య ఎడం పెంచితే, ఏ శిక్షణా ఇవ్వకుండానే వారి చదువులో వేగమూ పెరిగింది, తప్పులూ తగ్గాయి. ప్రత్యేకం అని అమ్మే ఫాంట్లు అంత ఫలితం చూపలేదు. మన లిపిలో ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. పైన గుణింతం, కింద వత్తు. కాబట్టి పాఠం ప్రింటు తీసేటప్పుడు అక్షరాల మధ్యే కాక వరుసల మధ్య కూడా ఎడం పెంచడం మంచిది. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి.

ఇంతకీ ఆ పాఠం దేనికోసం? నీటి చక్రం పాఠంలో తెలియాల్సింది ఆవిరి, మేఘం, వాన. చేతిరాత కాదు. వేళ్లు బిగుసుకునే పిల్లాడు నోటితో చెప్పినా, బొమ్మలు వరసలో పేర్చినా లక్ష్యం చెక్కుచెదరదు. దారి మార్చడం వేరు, గమ్యం తగ్గించడం వేరు. జాలిపడి ప్రశ్నలే తేలిక చేసేయడం రెండో రకం. అది తప్పనిసరైతే తప్ప చేయకూడదు.

మాట రాని పిల్లలకు బొమ్మల బోర్డు ఇస్తారు. చాలా బోర్డుల మీద ఉండేవి నీళ్లు, అన్నం, బాత్రూమ్. వాటితో అడుక్కోవడం తప్ప ఇంకేం మాట్లాడతారు? ‘వద్దు’, ‘ఇంకా’, ‘ఆపు’, ‘ఎందుకు’, ‘నా వంతు’, ‘బాలేదు’ ఉండాలి. రోజుకు వందసార్లు పనికొచ్చే మాటలు ఇవి. టీచర్ తాను మాట్లాడుతూ తానే ఆ బొమ్మలు చూపించాలి. ఎవరూ మాట్లాడని భాషను ఏ బిడ్డా నేర్చుకోదు. బొమ్మలకు అలవాటైతే ఇక మాటలు రావేమోనని తల్లిదండ్రులు భయపడతారు. 2006లో వచ్చిన ఒక సమీక్షలో, గట్టి సాక్ష్యం ఉన్న కేసుల్లో ఒక్కదానిలోనూ మాట తగ్గలేదు. ఎక్కువ మందిలో పెరిగింది.

ఇక తోటి పిల్లలు. సహానుభూతి నేర్పుదామని చాలా బడుల్లో కళ్లకు గంతలు కట్టి నడిపిస్తారు, గంటసేపు వీల్‌చైర్‌లో కూర్చోబెడతారు. 2017లో అచ్చయిన పరిశోధనలో ఇలాంటి అభినయాల తర్వాత పాల్గొన్నవారిలో భయం, నిస్సహాయత పెరిగాయి, వైకల్యం ఉన్నవారితో మెలిగే తీరు మెరుగుపడలేదు. కారణం ఊహించవచ్చు. గంతలు కట్టుకున్నవాళ్లకు తెలిసేది చూపు పోయిన మొదటి గంట మాత్రమే. కర్ర సాయంతో ఏళ్లుగా నడుస్తున్న అమ్మాయి నేర్పు వాళ్లకు తెలియదు. తిరిగి వచ్చి ‘అయ్యో పాపం’ అంటారు.

పనిచేసే పద్ధతి వేరే ఉంది. వేర్వేరు గుంపులవారు కలిసి మెలిగితే దురభిప్రాయాలు తగ్గడానికి మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో నాలుగు షరతులు చెప్పారు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, ఒకరి మీద ఒకరు ఆధారపడే పని, పైవాళ్ల మద్దతు. ఊరికే పక్కపక్కన కూర్చోబెడితే ఇవి ఏర్పడవు. మరో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలోని బడుల్లో మొదలుపెట్టిన జిగ్సా పద్ధతి వీటిని తరగతిలోకి తెచ్చింది. అయిదారుగురి జట్టులో పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. ఒకే ముక్క అందిన వేర్వేరు జట్ల పిల్లలు ముందు ఒకచోట చేరి దాన్ని బాగా నేర్చుకుంటారు, తర్వాత తమ జట్టుకు వచ్చి చెబుతారు. ఇంకొకరి ముక్క వినకుండా ఎవరికీ పాఠం పూర్తికాదు. నత్తిగా మాట్లాడే పిల్లాడి మాట కోసం నలుగురు చెవి ఒగ్గి వింటారు, మంచితనం వల్ల కాదు, పరీక్షలో కావాలి కాబట్టి. అలవాటు అక్కడ మొదలవుతుంది. నెమ్మదిగా చదివే పిల్లలకు తమ ముక్కను ఒకరోజు ముందే ఇవ్వాలి. అది మరిచిపోతే మొత్తం జట్టు ముందు తలవంపులే మిగులుతాయి.

ఆటిజం ఉన్న పిల్లల గురించి ఒక మాట. వీళ్లకు ఎదుటివారి మనసు తెలియదని చాలాకాలం అనుకున్నారు. అర్థంకాకపోవడం రెండు వైపులా ఉందని పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో వాదించారు, ఆయనా ఆటిజం ఉన్నవారే. 2020లో చేసిన ప్రయోగంలో ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చేరవేయమన్నారు. ఆటిజం ఉన్నవారి వరస, లేనివారి వరసతో సమానంగా చేరవేసింది. కథ ఎక్కువగా జారిపోయింది ఇద్దరినీ కలిపిన వరసలో. కాబట్టి ‘నా కళ్లలోకి చూసి మాట్లాడు’ అని ఒక్కరికే పాఠం చెప్పడం సగం పని. చేతులు ఊపుతున్నాడంటే సంతోషమో కంగారో అయ్యుండవచ్చని మిగతా ముప్పై మందికీ చెప్పాలి. అయితే అతని గురించి ఏం చెప్పాలో అతన్నీ, ఇంట్లోవాళ్లనూ అడిగాకే.

చివరగా, వైకల్యం ఉన్న పిల్లాడికి తోడుగా తరగతిలో కూర్చునే సహాయకురాలి కుర్చీ. విద్యా పరిశోధకుడు మైఖేల్ జాన్‌గ్రెకో, ఆయన సహచరులు 1997లో రాసిన పత్రం తర్వాత ఇది బాగా చర్చకు వచ్చింది. సహాయకురాలు ఎప్పుడూ పిల్లాడి భుజానికి ఆనుకుని కూర్చుంటే తోటివాళ్లు దగ్గరికి రారు, టీచర్ కూడా అతన్ని ఆవిడకే వదిలేస్తారు. ఊపిరాడకపోవడం, మూర్ఛ లాంటి ప్రమాదం లేని పిల్లల విషయంలో కుర్చీని వారానికి అర మీటరు చొప్పున వెనక్కి జరపండి. ఒక చీటీ మీద రెండు గీతల లెక్క ఉంచండి: గంటలో అతనితో పెద్దవాళ్లు ఎన్నిసార్లు మాట్లాడారు, పిల్లలు ఎన్నిసార్లు మాట్లాడారు. మూడు వారాలైనా రెండో లెక్క పెరగకపోతే కుర్చీని ఇంకా వెనక్కి జరిపి లాభం లేదు. జట్టులో అతనికి ఇచ్చిన పని ఏమిటో చూడండి. అది లేకపోయినా జట్టు పని పూర్తవుతుందంటే, మార్చాల్సింది దాన్నే.