రేకుల షెడ్డుకి కరెంటు లాగుతున్నారా? ఎర్తింగ్‌పై అపోహలు - వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, "అన్నా, షెడ్డు ముట్టుకుంటే జిల్లుమంటోంది" అని నాకు ఫోన్లు మొదలవుతాయి. ఇంటి నుంచి పశువుల కొట్టానికో, కోళ్ల షెడ్డుకో గాల్లో రెండు వైర్లు లాగి, బల్బు వెలిగింది కదా అని వదిలేసినవే ఎక్కువ.

అపోహ: ఇనుప స్తంభాలు భూమిలోనే పాతాం. వేరే ఎర్తింగ్ ఎందుకు?

వాస్తవం: అవి కాంక్రీటు దిమ్మెలో అడుగో, అడుగున్నరో లోతున ఉంటాయి. ఎండాకాలం అక్కడ మట్టి పొడిపొడిగా ఉంటుంది, కరెంటు సరిగ్గా దిగదు. షెడ్డు పక్కన 2.5 మీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు దింపి, పెయింట్ గీకి, ఫ్రేముకి బోల్టుతో బిగించాలి. ఇంటి నుంచి ఎర్త్ కోసం మూడో వైరు కూడా లాగాలి.

అపోహ: ఎర్త్ పైపు ఉంది, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయి కరెంటు ఆపే స్విచ్) ఉంది. లీకైతే అదే పడిపోతుంది.

వాస్తవం: కొందరు ఎలక్ట్రీషియన్లు కూడా పొరబడేది ఇక్కడే. ఎర్త్ రెసిస్టెన్స్ (కరెంటు భూమిలోకి దిగడానికి ఉండే అడ్డు) 50 ఓములు ఉందనుకోండి. 230 వోల్టులని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఇస్త్రీపెట్టె పెట్టినంత లోడు, పడనే పడదు. షెడ్డు షాక్ కొడుతూనే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పట్టే స్విచ్) అయితే వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా చూస్తుంది. ఫేజు (కరెంటు వచ్చే వైరు) రేకుకి తగిలితే రెప్పపాటులో కట్ చేస్తుంది. దాన్ని షెడ్డులో కాదు, ఇంట్లో లైను మొదలయ్యే చోట పెట్టించండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. అయితే ఎర్త్ వైరు ఊడిపోయినా ఆ బటన్ పనిచేస్తుంది, కాబట్టి ఎర్తింగ్‌ని విడిగా చెక్ చేయించాల్సిందే.

అపోహ: ఎర్త్ వైరు లేకపోతే న్యూట్రల్‌ని (కరెంటు తిరిగెళ్లే వైరుని) ఫ్రేముకి కలిపితే సరి.

వాస్తవం: ఇలా చేసినవాణ్ణి నేను మళ్లీ పనికి పిలవను. గాలికి ఊగే లైనులో న్యూట్రల్ జాయింటు ఊడితే, బల్బు గుండా ఫేజు రేకులకి ఎక్కుతుంది. బల్బు వెలగదు, కరెంటు పోయిందనుకుని వెళ్లి షెడ్డు మీద చెయ్యి వేస్తాం. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడడానికి కూడా చాలాసార్లు ఈ కలపడమే కారణం. జనం మాత్రం ఆర్‌సీసీబీనే పీకేస్తారు.

అపోహ: సర్వీసు వైరుకి ఆధారంగా కట్టే జీఐ తీగలో కరెంటు ఉండదు.

వాస్తవం: వైరు తొడుగు ఎండకి పగిలితే వస్తుంది. రెండు చివర్లా పింగాణీ రీలు వెయ్యాలి. బట్టలారేసే దండేనికి షెడ్డు నుంచి ఇనుప తీగ వద్దు, ప్లాస్టిక్ తాడు కట్టండి.

అపోహ: మాకు షాక్ కొట్టడం లేదు, అంతా బాగానే ఉంది.

వాస్తవం: మీ కాళ్లకి చెప్పులున్నాయి, గేదెకి లేవు. ఒక రైతు, గేదెలు ఇనుప తొట్టి దగ్గరకే రావడం లేదని పశువుల డాక్టరుకి చూపించి, మందులు కూడా వాడాడు. నేను వెళ్లి తొట్టికీ తడి నేలకీ మధ్య మీటరు పెడితే 14 వోల్టులు చూపించింది. మోటారు స్టార్టరు పెట్టెలో వైరు ఒరుసుకుపోయింది. అది మార్చిన సాయంత్రమే తొట్టి ఖాళీ చేశాయి.