అంచుల్లోంచి వచ్చే తప్పు

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర. మునిగింది మాత్రం విజయవాడ, ఖమ్మం. వాయుగుండం దారి పసిగట్టడం ఒక పని, వాన ఏ ఊరి నెత్తిన కురుస్తుందో చెప్పడం మరో పని. రాబోయే వాతావరణాన్ని లెక్కగట్టి చెప్పే పద్ధతినే నమూనా అంటారు. మొదటిదానికి భూమి మొత్తాన్ని లెక్కించే ప్రపంచ నమూనాలు, రెండోదానికి ఒక ప్రాంతాన్నే లెక్కించే ప్రాంతీయ నమూనాలు అన్నది ఇప్పటి పద్ధతి.

నిజానికి ముందు పుట్టినవి ప్రాంతీయ నమూనాలే. బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్‌సన్ 1922లో ప్రచురించిన చేతి లెక్క మధ్య ఐరోపాకు పరిమితం. ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని అది తేల్చింది. ఆ రోజు పీడనం దాదాపు కదలనే లేదు. 1950లో తొలితరం కంప్యూటర్ ఎనియాక్ మీద అమెరికా వాతావరణ శాస్త్రవేత్త చార్నీ బృందం కట్టిన లెక్క ఉత్తర అమెరికా, దాని పక్క సముద్రాల వరకే. పటాన్ని గడులుగా విడగొట్టి లెక్క కడతారు; అందులో గడికీ గడికీ మధ్య 736 కిలోమీటర్లు! హైదరాబాద్, చెన్నై రెండూ ఒకే గడిలో ఇమిడిపోతాయి.

చిక్కల్లా అంచుల దగ్గర వచ్చింది. పటం బయట ఏం జరుగుతోందో ఊహించి వేయాలి. ఆ ఊహ తప్పితే, గంటకు 40 కిలోమీటర్ల గాలి ఆ తప్పును ఒక్క రోజులో 960 కిలోమీటర్లు లోపలికి మోసుకొస్తుంది. భూగోళానికి అంచులు లేవు కనుక మొత్తం భూమికీ లెక్క కట్టడమే విరుగుడు. 1975లో ఏర్పడిన ఐరోపా దేశాల ఉమ్మడి వాతావరణ అంచనా కేంద్రం 1979లో ఆ పని మొదలుపెట్టింది. మన దగ్గర 1987 కరవు తర్వాత, 1988లో క్రే సూపర్ కంప్యూటర్‌తో జాతీయ వాతావరణ అంచనా కేంద్రం వచ్చింది.

అయితే గడి పొడవు సగం చేస్తే లెక్క ఎనిమిది రెట్లవుతుంది. 12 కిలోమీటర్ల నుంచి 3కి దిగాలంటే 64 రెట్లు. భూమి మొత్తానికి అంత కష్టం గనుక చిన్న ప్రాంతానికే చేసి, అంచుల విలువలు ప్రపంచ నమూనా నుంచి అరువు తెచ్చుకుంటారు. అరువు సొమ్ములో తప్పుంటే ఎంత నాణ్యమైన గడీ కాపాడలేదు. అందుకే ప్రాంతీయ నమూనా బలం ఒకటి రెండు రోజులే.

ఆ రెండు రోజుల్లో మాత్రం దాని చూపు పదును. ముతక గడిలో అరకు కొండలు నున్నటి వాలుగా మారిపోతాయి, ఉరుముల మేఘం గడిలోనే దాక్కుంటుంది. చిన్న గడిలో రెండూ కనిపిస్తాయి. కానీ అంచనా ఎంత నిజమైందో చూసి వేసే మార్కుల దగ్గర అన్యాయం జరుగుతుంది. కుండపోత కూకట్‌పల్లిలో అని చెబితే ఎల్బీనగర్‌లో పడిందనుకోండి: చెప్పినచోట పడలేదని ఒక తప్పు, పడినచోట చెప్పలేదని మరో తప్పు. నగరమంతా ఓ మోస్తరు వాన అన్న ముతక నమూనాకు ఎక్కువ మార్కులు! ఈ లెక్కన ఏది మేలో తేల్చడం నాకైతే సబబుగా తోచదు.

2025 మేలో వచ్చిన మన ప్రపంచ నమూనా భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడి తెచ్చింది, రెండు రకాల నమూనాల మధ్య అంతరం తగ్గుతోంది. విశాఖకూ పోర్ట్ బ్లెయిర్‌కూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న సముద్రంలో మాత్రం, లెక్కకు కావలసిన పైగాలి కొలతలు తెచ్చే బెలూన్ ఎగరేసే కేంద్రం లేదు. మన తుపానులు చాలావరకు తిరిగేది అక్కడే.